బహుమతి రాని కవితను ఎవరు చదవాలి?

ప్రశ్న: నేను కర్నూలులో ఒక డిగ్రీ కళాశాలలో తెలుగు బోధిస్తున్నాను. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం సందర్భంగా చుట్టుపక్కల కళాశాలల విద్యార్థులందరికీ కవితల పోటీ నిర్వహించే పనిని మా ప్రిన్సిపాల్ గారు నాకు అప్పగించారు. నిరుడు కూడా నిర్వహించాము. తొంభై కవితలు వచ్చాయి. వాటిలో సగానికి పైగా అమ్మ, రైతు, దేశం, తెలుగు గొప్పతనం మీద రాసినవే. కొన్ని ఫోనును అడిగి రాయించుకున్నవని నా అనుమానం. న్యాయనిర్ణేతలు గంటన్నరలో మార్కులు వేసి వెళ్లిపోయారు. కోసిగి వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి, సుగ్గికి (పంట కోతల కూలి పనులకు వలస) పోయిన తల్లిదండ్రుల గురించి రాసిన కవిత నాకు అన్నిటికంటే నచ్చింది. అయితే ‘యాస ఎక్కువగా ఉంది’ అని ఒకరు మార్కులు తగ్గించడంతో దానికి ఏ బహుమతీ రాలేదు. ఆ తర్వాత ఆమె నాకు మరో కవిత చూపించలేదు. ఇలాంటి పోటీల వల్ల మేలు ఉందా? ఉంటే ఎలా నిర్వహించాలి? పద్యాన్నీ వచన కవితనూ కలిపి చూడవచ్చా? ఖర్చుల కోసం ప్రవేశ రుసుము పెట్టమని కొందరు అంటున్నారు. పెట్టవచ్చా?

సమాధానం:

గౌరవనీయులైన అధ్యాపకురాలికి నమస్కారం.

మేలు ఉందనే నేను నమ్ముతున్నాను. అయితే ఆ మేలు బహుమతుల దగ్గర లేదు. మన డిగ్రీ చదువులో విద్యార్థికి ప్రాచీన పద్యభాగం ఉంటుంది, ఆధునిక కవిత్వం ఉంటుంది, పరీక్షలో ప్రతిపదార్థాలూ సందర్భసహిత వ్యాఖ్యలూ ఉంటాయి. కాని తాను సొంతంగా రాసిన నాలుగు పంక్తులను ఒక పెద్ద మనిషి కూర్చుని శ్రద్ధగా చదివి, ఈ మాట ఇక్కడ నిలబడింది, ఇది ఇక్కడ జారిపోయింది అని చెప్పే సందర్భం మాత్రం ఆ చదువులో చాలా అరుదు. భారత విశ్వవిద్యాలయాల సంఘం నిర్వహించే యువజనోత్సవాల్లో కూడా సాహిత్య విభాగం కింద క్విజ్, వక్తృత్వం, వాదవివాదం ఉంటాయి గాని కవితా రచన ఉండదు. అందువల్ల మీ కళాశాల నిర్వహించే ఈ చిన్న పోటీయే చాలామంది పిల్లలకు తమ కవితను పరాయివారి చేతికి ఇచ్చే మొదటి అవకాశం, కొందరికి చివరి అవకాశం కూడా అవుతుంది. నిరుడు మీ దగ్గరికి తొంభై కవితలు వచ్చాయి. ముగ్గురికి బహుమతులు ఇచ్చి ఉంటారు. మిగిలిన ఎనభై ఏడు మందికి తమ కవితను ఎవరైనా చదివారో లేదో కూడా తెలియదు. కోసిగి అమ్మాయి మౌనానికి కారణం బహుమతి రాకపోవడమొక్కటే అయి ఉంటుందని నేను అనుకోను. రాకపోవడానికి కారణం ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఒకవేళ ఆ కారణం ఆమె చెవిన పడి ఉంటే, తన ఇంటి మాటే తప్పన్నట్టుగా పడి ఉంటుంది.

కాబట్టి ఈసారి ఒక్క నియమాన్ని ముందే తేల్చుకోండి. వచ్చిన ప్రతి కవితకూ, దాన్ని చదివిన న్యాయనిర్ణేత రెండు మూడు వాక్యాల లిఖిత అభిప్రాయం ఇవ్వాలి. అది కవిత రాసినవారి చేతికి చేరాలి. పోటీలో నేను చెప్పే మిగతా ఏర్పాట్లన్నీ ఈ నియమానికి లోబడినవే. ఇది అయ్యే పనేనా అని మీకు సందేహం రావచ్చు. తొంభై కవితలు, ముగ్గురు న్యాయనిర్ణేతలు అనుకుంటే ఒక్కొక్కరు ముప్పై కవితలకు అభిప్రాయం రాయాలి. కవితకు ఐదు నిమిషాల చొప్పున రెండున్నర గంటల పని. ఆ మాత్రం సమయం ఇవ్వలేనివారు ఎంత పేరున్న కవి అయినా న్యాయనిర్ణేతగా పిలవవలసిన అవసరం లేదు; వారిని సభకు అతిథిగా పిలిచి గౌరవించవచ్చు. అయితే ఆ అభిప్రాయం ‘బాగుంది, ఇంకా కృషి చేయాలి’ అన్నట్టుగా ఉండకూడదు, ఎందుకంటే ఆ మాటను కవిత చదవకుండానే రాయవచ్చు. ‘తలుపు గొళ్లేనికి సాలెగూడు పట్టిందన్న చోట మీ కవిత మొదలైంది, దానికి ముందున్న ఐదు పంక్తులు తీసేసి చదివి చూడండి’ అని రాస్తే, ఆ విద్యార్థి ఆ రాత్రే కాగితం తీసి ఆ ఐదు పంక్తులూ కొట్టేసి చదువుకుంటాడు. కవిత్వం నేర్చుకోవడం అక్కడ మొదలవుతుంది. ప్రతి అభిప్రాయంలోనూ నిలబడిన పంక్తి ఒకటి, తిరిగి చూసుకోవలసిన చోటు ఒకటి తప్పకుండా ఉండాలని న్యాయనిర్ణేతలకు ముందే చెప్పండి. నిలబడిన పంక్తి ఒక్కటీ దొరకని కవిత చాలా అరుదు.

ఇక వస్తువు సంగతి. అమ్మ, రైతు, దేశం, తెలుగు భాష మీద కవితలు రావడంలో పిల్లల తప్పు ఏమీ లేదు. పోటీ ప్రకటనలో మనం ఇచ్చే అంశాలే అవి. ఇవ్వకపోయినా, న్యాయనిర్ణేతలు వాటికే మార్కులు వేస్తారని పదో తరగతి నుంచి వారికి తెలుసు. ‘రైతు’ అని అంశం ఇస్తే అన్నదాత, వెన్నెముక, చెమట చుక్క, ఉరితాడు వరుసగా వచ్చేస్తాయి. సొంత చేనున్న ఇంటి నుంచి వచ్చిన పిల్లవాడు కూడా తన చేను మరిచిపోయి వాటినే రాస్తాడు. అదే పిల్లవాడికి ‘పత్తికొండ మార్కెట్ నుంచి టమోటా బుట్టలతో తిరిగి వచ్చిన రోజు’ అని ఇచ్చి చూడండి. ధర లేక రోడ్డు పక్కన పారబోసిన పంటను అతడు కళ్లారా చూసి ఉంటాడు. ఆ రోజు తండ్రి ఇంటికి వచ్చి ఏ మాట అన్నాడో, అసలు మాట్లాడాడో లేదో అతనికి గుర్తుంటుంది.

మీ జిల్లాలో ఇలాంటి అంశాలకు కొదవ లేదు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో వజ్రాల కోసం రోజంతా వంగి వెతికే జనం. అందులో ఎవరికో ఒకరికి దొరికిందన్న వార్త, దొరకనివారు సాయంత్రం మోసుకుపోయే నడుము నొప్పి. కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల కుప్ప మీద రాత్రి కాపలా. ఆదోనిలో పత్తి బండ్ల వరుస. మిరప కోతకూ పత్తి తీతకూ గుంటూరు వైపు వెళ్లిన కుటుంబాల ఇళ్లకు వేసిన తాళాలు, ఆ ఇళ్లలో అవ్వ దగ్గర మిగిలిపోయిన చిన్న పిల్లలు. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలును ముంచినప్పుడు మీ విద్యార్థులు పసిపిల్లలు. కాని నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఇంట్లోవాళ్లు గోడ మీద చెయ్యి పెట్టి చూపించి ఉంటారు. ‘ఆ వరద గురించి మా ఇంట్లో ఎప్పుడూ చెప్పుకునే ఒక మాట’ అన్నది ఎంత మంచి అంశమో చూడండి. తాను చూడనిదాన్ని, విన్న మాటల మీద కట్టుకుని రాయవలసి వస్తుంది. అలాంటి అంశాలు నాలుగైదు ఇచ్చి, వాటిలో ఒకదాన్ని ఎంచుకోమనండి. ‘వీటితో సమానంగా మీకు స్వయంగా తెలిసిన మరొక చోటు, మనిషి, పని’ అని చివర ఒక వెసులుబాటు కూడా ఇవ్వండి.

మన ఊరి మీద రాస్తే అది చిన్న కవిత్వం అవుతుందన్న భయం పిల్లల్లోనే కాదు, మన అధ్యాపకుల్లోనూ ఉంది. అనంతపురం జిల్లాలో పుట్టి, పెనుగొండలో పెరిగి, తర్వాత కడప జిల్లాను తన చోటు చేసుకున్న పుట్టపర్తి నారాయణాచార్యులు గారు బాల్యంలోనే రాసిన తొలి కావ్యం ఆ పెనుగొండ శిథిల వైభవం మీదనే. ఆయన తర్వాతి కాలంలో విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు, తాను చిన్ననాడు రాసిన ఆ కావ్యమే పాఠ్యగ్రంథంగా ఎదురైంది. మీ ప్రకటనలో అంశాల పక్కన ఈ ఒక్క సంగతి రాసి పెడితే చాలు, కోట గోడ పక్కన రోజూ నడిచే పిల్లలకు ధైర్యం వస్తుంది.

అంశాలు మార్చినంత మాత్రాన సరిపోదు. మార్కుల పట్టికను కూడా మార్చాలి. నేను న్యాయనిర్ణేతగా కూర్చున్న చాలా పోటీల్లో వస్తువు, భాష, శైలి, సందేశం అని నాలుగు గళ్లు గీసిన కాగితం చేతికి ఇచ్చేవారు. ఆ నాలుగో గడి పిల్లల కవిత్వానికి చేసిన హాని ఇంతా అంతా కాదు. సందేశానికి ఇన్ని మార్కులు అని తెలిసిన విద్యార్థి, కవిత బాగా నడుస్తున్నప్పుడు కూడా, చివరి నాలుగు పంక్తుల్లో ‘కదలి రండి, మేలుకోండి, సాధిద్దాం’ అని రాసి దాన్ని చెడగొట్టుకుంటాడు. తాళం వేసిన ఇంటి గురించి రాసిన అమ్మాయి, వలసలు ఆగాలని పాలకులకు చివర పిలుపు ఇవ్వకపోతే ఆ గడిలో సున్నా పడుతుంది. తాళం చూపించిన కవిత చెప్పవలసినది అప్పటికే చెప్పేసిందని ఆ పట్టికకు తెలియదు. ఆ గడిని పూర్తిగా తీసివేయండి. వీలైతే తొలి విడతలో గళ్లన్నీ తీసివేయండి.

భాష గురించి కొంచెం ఎక్కువగా రాయవలసి ఉంది. ఆగస్టు 29 గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు. 1863లో శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టి, జనం మాట్లాడే తెలుగు చదువులోకీ రాతలోకీ రావాలని జీవితమంతా వాదించిన మనిషి ఆయన. అంతేకాదు, తన తెలుగు మీద ఉన్నంత ప్రేమతోనే సవర గిరిజనుల భాష నేర్చుకుని, వారి పిల్లలకు వారి భాషలో పుస్తకాలు తయారు చేశారు. ఆయన పేరు మీద జరిగే పోటీలో ఒక అమ్మాయి ఇంటి భాషకు మార్కులు తగ్గించడం ఆయన చేసిన పనినే కాదనడం అవుతుంది. ‘వచ్చినారు’, ‘పోతాండాం’, ‘యాడికి’ అన్న మాటలు కవితలో ఉంటే అవి దోషాలు కావు; వాటిని ‘వచ్చారు’, ‘పోతున్నాం’, ‘ఎక్కడికి’ అని దిద్దితే ఆ మాట అన్న తల్లి ఆ కవితలోంచి వెళ్లిపోతుంది. న్యాయనిర్ణేతల్లో కనీసం ఒకరు మీ జిల్లా పశ్చిమ మండలాల మాట బాగా తెలిసినవారై ఉండాలి. ఆ మాట తెలియనివారు దాన్ని సరిగా ఉచ్చరించనైనా లేరు, ఇక విలువ కట్టడం ఎలాగ?

ఇందులో రెండో పక్కనూ చూడాలి. యాసకు మార్కులు వస్తాయని తెలిస్తే, రేపటి నుంచి నగరంలో పెరిగిన పిల్లలు కూడా సంగటి, సద్ది, గుంటక, గొర్రు అన్న నాలుగు మాటలు అక్కడక్కడ చల్లి కవిత పంపుతారు. అలంకారంగా తెచ్చి అతికించిన మాండలికం, అలంకారంగా తెచ్చిన సంస్కృత సమాసం కంటే ఏమీ మెరుగు కాదు. ఆ మాట ఆ మనిషి నోట ఆ సమయంలో తప్పనిసరిగా రావలసిందేనా అని చూడాలి, అంతే. శిష్టవ్యావహారికంలో (చదువుకున్నవారి వాడుక భాషలో) రాసిన నిజాయతీ గల కవితను యాస లేదని పక్కన పెట్టడం కూడా అన్యాయమే.

మీ కర్నూలులో మరో విశేషం ఉంది. పోటీకి వచ్చేవారిలో ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలుంటారు, ఆదోని, కౌతాళం వైపు కన్నడం మాట్లాడే పిల్లలుంటారు, సుగాలి తండాల నుంచి వచ్చేవారుంటారు. తెలుగు వీరికి బడిలో నేర్చుకున్న భాష. వీరి కవితల్లో విభక్తి తప్పవచ్చు, ఒత్తు మారవచ్చు. డిగ్రీ చదువులు ఇంగ్లీషు మాధ్యమంలోకి మారాక తెలుగు ఇంటి పిల్లలకు కూడా అక్షరదోషాలు పెరిగాయి. తొలిసారి చదివేటప్పుడు అక్షరదోషాలను లెక్కలోకి తీసుకోవద్దని న్యాయనిర్ణేతలకు చెప్పండి. అభిప్రాయం రాసేటప్పుడు మాత్రం వాటిని గుర్తించి, సరైన రూపం పక్కన రాసి ఇవ్వాలి. దోషాన్ని క్షమించి వదిలేయడం ఆ పిల్లలకు సాయం చేయడం కాదు.

పద్యాన్నీ వచన కవితనూ ఒకే వరుసలో పెట్టి పోల్చవద్దు. కలిపి చూసినప్పుడు రెండే జరుగుతాయి. ఛందస్సు తెలిసిన న్యాయనిర్ణేత ఉంటే, గణాలు కుదిరిన ప్రతి పద్యమూ ఆయనకు గొప్పగా కనిపిస్తుంది. తెలియనివారు ఉంటే పద్యమనేదే పాతబడినట్టు కనిపిస్తుంది. విడి విభాగాలు పెట్టండి, పద్యానికి ఛందస్సు తెలిసిన వేరే న్యాయనిర్ణేతను పిలవండి. పద్య విభాగానికి ఐదుగురే వచ్చినా నిరాశపడవద్దు. అది పెరగాలంటే పోటీకి నెల ముందు రెండు మధ్యాహ్నాలు శిక్షణ ఇవ్వాలి. విద్యార్థులు ఛందస్సుకు భయపడడానికి కారణం, మనం ఉత్పలమాల, చంపకమాలలతో మొదలుపెట్టడం. ఆ అక్షరగణాల వృత్తాల్లో ప్రతి గురువూ ప్రతి లఘువూ నిర్ణీత స్థానంలోనే పడాలి. కొత్తవారికి అది ఊపిరాడనివ్వదు. ఆటవెలదితో మొదలుపెట్టండి. సూర్యగణాలు రెండే: న గణం (మూడు లఘువులు), గలం (ఒక గురువు, ఒక లఘువు). ఇంద్రగణాలు ఆరు: నల, నగ, సల, భ, ర, త. ఈ ఎనిమిది తెలిస్తే ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాలకు ఐదు సూర్యగణాలు. అదే ఎనిమిది గణాలతో తేటగీతి కూడా వస్తుంది: ప్రతి పాదంలో ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. రెండింటిలోనూ ప్రాస నియమం (పాదాలన్నిటిలో రెండో అక్షరం ఒకటే కావాలన్నది) లేదు. నాలుగో గణం మొదటి అక్షరానికి పాదం మొదటి అక్షరంతో యతి (ధ్వని పొంతన) కుదిరితే చాలు, కుదరకపోతే ప్రాసయతి అయినా చెల్లుతుంది. గణానికి గణానికి మధ్య ఎంతో వెసులుబాటు ఉన్న ఛందస్సు కాబట్టే వేమన చెప్పిన పద్యాలు మాట్లాడినట్టే వినిపిస్తాయి. కదిరి దగ్గరి కటారుపల్లి ఆయన సమాధి ఉన్న ఊరని చెబుతారు; మన సీమ పిల్లలు ఆటవెలదిని పరాయిదిగా చూడవలసిన పని లేదు. శిక్షణలో రెండో మధ్యాహ్నం ఒక సమస్య, అంటే చివరి పాదం, ఇచ్చి ఆ పాదంతో ముగిసేలా తేటగీతి పూరించమనండి. పైకి అసంబద్ధంగా కనిపించే పాదాన్ని సమర్థించడంలో పిల్లలకు ఉత్సాహం వస్తుంది, ఆ ఉత్సాహంలో గణాలు తెలియకుండానే అలవాటవుతాయి.

వచన కవితకు ముప్పై పంక్తుల పరిమితి పెట్టండి, చాలు.

న్యాయనిర్ణయం జరిగే తీరు గురించి. కవితల మీద పేరు, కళాశాల పేరు ఉండకూడదు. మీరే వరుస సంఖ్యలు వేసి, పేర్ల జాబితా మీ దగ్గర దాచండి. ప్రతులు ముగ్గురికీ పది రోజుల ముందే ఇంటికి పంపాలి. పోటీ రోజున గదిలో కూర్చోబెట్టి చదివించవద్దు. ఒక్కొక్కరు తమకు నచ్చిన పది కవితల సంఖ్యలను, మార్కులు వేయకుండా, రాసుకుని రావాలి. ముగ్గురి జాబితాలూ కలిపితే ఇరవై, ఇరవై రెండు కవితలు తేలుతాయి. అప్పుడు ముగ్గురూ ఒక పూట కూర్చుని, ఒక్కరే వాటన్నిటినీ పైకి చదవాలి, మిగిలినవారు వినాలి. తర్వాత వాదించుకోవాలి. మార్కుల మొత్తం కట్టే పద్ధతికి నేను ఎందుకు వ్యతిరేకినో ఒక ఉదాహరణతో చెబుతాను. ఒక కవితకు ఇద్దరు తొమ్మిదేసి, ఒకరు నాలుగు వేశారనుకోండి. మొత్తం ఇరవై రెండు. మరొకదానికి ఎనిమిది, ఏడు, ఎనిమిది వచ్చాయి. మొత్తం ఇరవై మూడు. ఎవరికీ ప్రాణప్రదం కాని రెండో కవిత గెలిచింది, ఇద్దరిని కదిలించిన మొదటిది ఓడింది. నిరుడు కోసిగి అమ్మాయి కవితకు జరిగినది ఇదే అయి ఉంటుంది. వాదించుకునే పద్ధతిలో అయితే, నాలుగు వేసిన ఆ మూడో వ్యక్తి ‘యాస’ అన్న కారణాన్ని మిగిలిన ఇద్దరి ముందు పైకి చెప్పవలసి వచ్చేది. వారు దానికి సమాధానం చెప్పేవారు. కారణం బయటికి చెప్పక తప్పనప్పుడు మనుషులు న్యాయంగా ఉండడానికి ఎక్కువ ప్రయత్నిస్తారు.

పిల్లల చేత కవిత చదివించి, ఆ చదువుడుకు కూడా మార్కులు కలపడం కొన్ని చోట్ల ఉంది. అది వద్దు. గొంతు బాగున్నవారు, వేదిక అలవాటున్నవారు గెలుస్తారు. మొదటిసారి మైకు ముందు నిలబడినవారు వణికిపోతారు. ఫలితాలు వచ్చాక సభలో వారి కవితలు వారే చదువుకోనివ్వండి, అది వేడుక.

ఫోను సంగతికి వస్తాను. ఫోను రాసిచ్చిన కవితలను చదవగా నాకు కనిపించిన లక్షణం ఏమిటంటే, వాటిలో ఏ ఊరి పేరూ ఉండదు, ఏ మనిషీ ఉండడు. వెలుగు, చీకటి, ఆశ, కల, ప్రయాణం ఉంటాయి, అన్ని పంక్తులూ ఒకే పొడవున నడుస్తాయి. అయితే ఈ లక్షణాలు చూసి ఎవరి మీదా నింద వేయకూడదు, ఎందుకంటే ఫోను ముట్టని పిల్లలు కూడా, పాఠ్యపుస్తకాల ప్రభావంతో, అచ్చంగా అలాగే రాస్తారు. నేను పైన చెప్పినట్టు అంశాలు కచ్చితంగా, స్థానికంగా ఉంటే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది. మిగిలినదానికి రెండు ఏర్పాట్లు చేయండి. కవితతో పాటు చేతిరాతలో కొట్టివేతలతో ఉన్న చిత్తుప్రతిని కూడా జతచేయమనండి. రెండో దశకు ఎంపికైన ఇరవై మందిని పిలిచి, ఫోన్లు బయట పెట్టించి, గంట సమయంలో ముందు తెలియని ఒక అంశం మీద పన్నెండు పంక్తులు రాయించండి. ఆ తర్వాత ఒక్కొక్కరితో ఐదు నిమిషాలు, పరీక్షలా కాకుండా, వారి మొదటి కవిత గురించి మాట్లాడండి: ఈ పంక్తి ముందుగా ఎలా ఉండేది, ఈ మాట ఎవరిది, ఇక్కడ ఎందుకు ఆపారు. తానే రాసినవారు ఈ ప్రశ్నలకు ఆనందంగా, ఆగకుండా సమాధానం చెబుతారు. వారిని ఎవరూ ఇంతకు ముందు అడిగి ఉండరు. చెప్పలేనివారిని అందరి ముందు అవమానించకుండా పోటీ నుంచి తప్పించి, తర్వాత మీరు ఒంటరిగా మాట్లాడండి.

ప్రవేశ రుసుము వద్దు. సుగ్గికి పోయే ఇంటి నుంచి వచ్చే పిల్లలకు యాభై రూపాయలు కూడా పోటీకి రాకపోవడానికి సరిపోయే కారణమే. రుసుము తీసుకుని అందరికీ ప్రశంసాపత్రం, సంకలనంలో చోటు అని ప్రకటించే పోటీలు ఇప్పుడు చాలా వస్తున్నాయి. అక్కడ చోటు కొనుక్కోవడమే తప్ప ఎంపిక లేదు, అలాంటి పత్రాలకు విలువ ఇవ్వవద్దని మీ విద్యార్థులకు కూడా చెప్పండి. ఖర్చు తగ్గాలంటే మొమెంటోలు, శాలువాలు మానేయండి.

ఆ డబ్బుతో బహుమతులుగా పుస్తకాలు ఇవ్వండి; వచన కవితకు వచ్చినవారికి పద్యకావ్యం, పద్యానికి వచ్చినవారికి మంచి వచన కవితా సంపుటి ఇస్తే ఇంకా మేలు. ఎంపికైన ఇరవై మందిని ఒక రోజు మా కడపకు తీసుకురాగలిగితే, అదే నా దృష్టిలో అన్నిటికంటే మంచి బహుమతి. ఎర్రముక్కపల్లిలో, బ్రౌను దొర నివసించిన స్థలంలోనే, సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది. ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయం పరిధిలో నడుస్తోంది. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన బ్రౌను, తర్వాతి కాలంలో ఇక్కడ పండితులను పెట్టుకుని, ఒకే కావ్యానికి దొరికిన ఎన్నో ప్రతులను పక్కపక్కన పెట్టించి, పాఠభేదాలు చూపించి, శుద్ధప్రతులు తయారు చేయించాడు. వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించాడు. తాళపత్రాలను దగ్గరగా చూసి, ఒక్క అక్షరం మారితే పద్యం ఎలా మారుతుందో అక్కడ విన్న పిల్లలకు, తమ కవితను తిరగరాయడం అవమానంగా అనిపించదు.

కవితలను చిన్న పుస్తకంగా అచ్చు వేయాలని మీరు అనుకుంటే ఒక జాగ్రత్త అవసరం. ‘పోటీకి వచ్చిన కవితలపై సర్వహక్కులూ నిర్వాహకులవే’ అన్న వాక్యాన్ని మన ప్రకటనల్లో అలవాటుగా రాస్తుంటారు, దాన్ని రాయవద్దు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రచనపై తొలి హక్కు రాసినవారిదే. హక్కుల బదిలీ సంతకంతో కూడిన రాతపూర్వక ఒప్పందం ద్వారానే జరగాలి. ప్రకటనలో మీరు రాసిన వాక్యంతో ఆ హక్కు మీకు రాదు, పిల్లలకు మాత్రం తమ కవిత తమది కాకుండా పోయిందన్న భయం మిగులుతుంది. ఈ సంకలనంలో ఒక్కసారి అచ్చు వేసుకోవడానికి అనుమతి ఇస్తున్నానని విద్యార్థి చేత, పద్దెనిమిదేళ్లు నిండకపోతే తల్లి లేదా తండ్రి చేత, ఒక చిన్న కాగితం మీద సంతకం తీసుకుంటే సరిపోతుంది. అచ్చుకు ముందు ఏ మాట మార్చినా రాసినవారికి చూపించే మార్చాలి.

బాగా రాసే ఒకరిద్దరికి ఆ తర్వాతి దారి కూడా చూపించండి. సాహిత్య అకాడమీ ముప్పై ఐదేళ్ల లోపు రచయితలకు యువ పురస్కారం ఇస్తోంది. యాభై వేల రూపాయల నగదు, తామ్రఫలకం ఉంటాయి. 2011లో అది మొదలైనప్పుడు తెలుగులో దాన్ని అందుకున్నది మా కడప జిల్లా కథకుడు వేంపల్లి గంగాధర్ గారు. అయితే ఆ పురస్కారం పుస్తకానికి ఇచ్చేది, ఒక్క కవితకు కాదు. మీ కళాశాలలో పోటీ ముగిశాక నెలకొకసారి, ఆ ఇరవై మందీ కలిసి కూర్చుని ఒకరి కవిత ఒకరు చదువుకునే ఏర్పాటు ఉంటే, పుస్తకమన్నది వారికి ఊహకు అందే దూరంలోకి వస్తుంది. కోసిగి అమ్మాయిని ఈసారి పోటీకి రమ్మని ఒత్తిడి చేయవద్దు. నిరుడు మీకు ఆమె కవిత ఎందుకు నచ్చిందో, ఏ పంక్తి నచ్చిందో, ఒక కాగితం మీద రాసి ఆమెకు ఇవ్వండి, ఈ నెలవారీ సమావేశానికి మొదటగా ఆమెనే పిలవండి.

కాలం తక్కువగా ఉంది కాబట్టి పనుల వరుస కూడా చెబుతున్నాను. జులై మొదటి వారంలోనే అంశాలతో ప్రకటన అన్ని కళాశాలలకూ చేరాలి. అందులో ‘ప్రతి కవితకూ న్యాయనిర్ణేత రాసిన అభిప్రాయం అందుతుంది’ అన్న వాక్యం అందరికీ కనిపించేలా ఉండాలి. జులై మూడో వారంలో పద్య శిక్షణ. కవితలు అందవలసిన చివరి తేదీ ఆగస్టు 8. ప్రతులు న్యాయనిర్ణేతల ఇళ్లలో ఆగస్టు 20 వరకు ఉంటాయి. 23న రెండో దశ, అదే రోజు మధ్యాహ్నం న్యాయనిర్ణేతల చర్చ. 29న సభలో అతిథుల ప్రసంగాలన్నీ కలిపి అరగంట దాటకుండా చూడండి. మిగిలిన సమయమంతా పిల్లల కవితలకు ఇవ్వండి. అభిప్రాయాల కాగితాలను విడివిడి కవర్లలో పెట్టి, పైన వరుస సంఖ్య రాసి, అదే రోజు వచ్చినవారి చేతికి ఇవ్వండి, రానివారివి వారి కళాశాల తెలుగు అధ్యాపకులకు పంపండి.